ఒక్కడు, ఇద్దరు, ముగ్గురు: గ్రీకు ట్రాజెడీలో నటుడు పుట్టిన తీరు

అందరికీ నమస్కారం.

గ్రీకు ట్రాజెడీ, అంటే విషాద నాటకం, పుట్టుక అనగానే ప్రసంగాలు మామూలుగా మేకపోతు దగ్గర మొదలవుతాయి. ఆ మాటకు గ్రీకులో ‘మేకపోతు పాట’ అని అర్థం. పోటీలో గెలిచినవాడికి మేకపోతును బహుమతిగా ఇచ్చేవారా, బలి మేకపోతు చుట్టూ చేరి పాడేవారా అన్న వాదన ఎంతో కాలంగా నడుస్తోంది. అది తేలేది కాదు. దాన్ని పక్కన పెట్టి ఇవాళ ఒక్క ప్రశ్న పట్టుకుందాం. పాడే గుంపులోంచి మాట్లాడే మనిషి ఎలా వేరుపడ్డాడు? ఆ ఒక్కడు ఇద్దరెందుకయ్యాడు? ఇద్దరు ముగ్గురయ్యాక లెక్క అక్కడే ఎందుకు ఆగిపోయింది? ఈ లెక్క తెలిస్తే, ఆ నాటకాలు చదివేటప్పుడు మనకు వింతగా తోచే చాలా సంగతులకు కారణం దొరుకుతుంది.

ముందు గుంపు సంగతి. ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ పేర పాడుతూ ఆడే బృందగానాన్ని డితిరాంబ్ అనేవారు. కొరింత్ నగరంలో పెరియాండర్ ఏలుబడిలో, అంటే క్రీ.పూ. 600 కాస్త అటూఇటూగా, అరియన్ అనే గాయకుడు ఈ పాటను కట్టి, దానికి పేరు పెట్టి, బృందానికి నేర్పి పాడించాడని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆయనే ఇంకో సంగతి కూడా చెప్పాడు. కొరింత్ పక్కనే ఉన్న సిక్యోన్‌లో అడ్రాస్టస్ అనే వీరుడు పడ్డ కష్టాలను ‘ట్రాజిక్ కోరస్‌లు’, అంటే పాడుతూ ఆడే బృందాలు, పాడేవట. అక్కడి పాలకుడు క్లైస్తనీస్‌కు ఆ వీరుడంటే గిట్టక, ఆ కోరస్‌లను డయోనిసస్‌కు మళ్లించాడు. నా దృష్టిలో ఈ రెండో మాటే ఎక్కువ విలువైనది. చనిపోయిన వీరుడి బాధలు, డయోనిసస్ పండగ అనే రెండు పాయలు కలవడం అందులో కనిపిస్తుంది. ట్రాజెడీలు డయోనిసస్ పండగలోనే ఆడినా, వాటిలో చాలావాటి కథలకు ఆ దేవుడితో సంబంధం ఉండదు. ‘దీనికీ డయోనిసస్‌కూ ఏం సంబంధం లేదు’ అన్న మాట గ్రీకుల్లో సామెతే అయిపోయింది.

ఇక అరిస్టాటిల్. థెస్పిస్‌కు దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత రాస్తూ, డితిరాంబ్‌ను ఎత్తుకునే నాయకుల నుంచి ట్రాజెడీ పుట్టిందన్నాడు. మనకు ఇది పట్టుకోవడం కష్టం కాదు. బుర్రకథలో కథకుడు ఒక వరస ఎత్తుకుంటాడు, వంతలు అందుకుంటారు, మధ్యలో ఓ వంత ‘ఏమయింది’ అని అడుగుతాడు. ఎత్తుకునేవాడికీ అందుకునేవాళ్లకూ మధ్య ఉన్న ఆ జాగాలోనే నాటకానికి చోటుంది. కాకపోతే ఎత్తుకునేవాడు కథ చెప్పినంతసేపూ అది కథే. ‘ఆ రాజును నేనే’ అని వచ్చి నిలబడిననాడు మాత్రమే నటన మొదలైనట్టు.

అలా నిలబడ్డవాడిగా గ్రీకులు చెప్పుకున్న పేరు థెస్పిస్. ఏథెన్స్‌కు ఈశాన్యంగా కొండ దిగువన ఉన్న ఇకారియా అనే ఊరివాడు. సంప్రదాయం చెప్పే ఏడాది క్రీ.పూ. 534 ప్రాంతం. అప్పుడు ఏథెన్స్‌ను పైసిస్ట్రాటస్ ఏలుతున్నాడు. బృందగానానికి ముందు ఒక ప్రస్తావన, మధ్యలో ఒకడే నిలబడి చెప్పే సంభాషణ, ఈ రెండూ థెస్పిస్ చేర్చాడని అరిస్టాటిల్ మాటగా తర్వాతివాళ్లు రాసిపెట్టారు. ముఖాన్ని మార్చడానికి అతడు ఏమేం చేశాడో కూడా ఒక పాత నిఘంటువులో ఉంది. మొదట సీసం నుంచి తీసిన తెల్లపొడి పూసుకున్నాడు. తర్వాత గంగవాయిలి కూరతో ముఖం కప్పుకున్నాడు. ఆఖరికి నారబట్టతో చేసిన మాస్కులు తెచ్చాడు. ఈ వరసలో పనివాడి బుర్ర కనిపిస్తుంది. పొడి చెమటకు కారిపోతుంది, ఆకు ఎండకు వాడిపోతుంది. పైగా ఈ రెండింటితో ఒకే పూట రెండు వేషాలు మార్చడం కుదరదు. మాస్కయితే తీసి ఇంకొకటి తగిలించుకోవడమే.

థెస్పిస్ బండి మీద ఊరూరా తిరిగాడని హోరేస్ అనే రోమన్ కవి రాశాడు. దాన్ని నేను నమ్మను. పండగలో బండ్ల మీద నుంచి జనాన్ని ఎగతాళి చేసే ఆచారం వేరే ఉండేది, దానితో ఇది కలిసిపోయి ఉంటుంది. జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ చెప్పిన సోలన్ కథ మాత్రం, జరిగినా జరగకపోయినా, గుర్తుపెట్టుకోదగ్గది. ఏథెన్స్‌కు చట్టాలు రాసిన సోలన్ ముసలితనంలో థెస్పిస్ ఆట చూసి, ‘ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలు చెప్పడానికి సిగ్గుగా లేదా?’ అని అడిగాడట. ఆటలో చెప్తే తప్పేముందని థెస్పిస్ అంటే, సోలన్ చేతికర్రతో నేలను గట్టిగా కొట్టి, ఇలాంటి ఆటను మెచ్చుకుంటూ పోతే రేపు ఇది మన ఒప్పందాల్లోకీ వస్తుందన్నాడట. లేని మనిషిగా నిలబడి ‘నేను’ అనడం చూసేవాళ్లకు ఎంత కొత్తగా, ఎంత బెదురుగా ఉండి ఉంటుందో ఆ కర్రదెబ్బ చెప్తుంది.

ఒక్క నటుడితో ఏం చేయొచ్చు? అనుకున్నదానికన్నా ఎక్కువే. రాజుగా వచ్చి కోరస్ నాయకుడితో మాట్లాడతాడు, వెళ్తాడు. బృందం పాట అందుకుంటుంది. అది సాగినంతసేపూ అతడు వెనక మాస్కూ బట్టలూ మార్చుకుంటాడు. పాట అయ్యేసరికి దూతగా తిరిగొస్తాడు. పాటకు సొంత అందం ఉన్నా, వేషం మార్చుకునే వ్యవధి ఇవ్వడం కూడా దాని పని. ఎన్ని పాత్రలనైనా ఇలా తేవచ్చు. చేయలేనిది ఒక్కటే: రెండు పాత్రలు ఎదురెదురుగా నిలబడలేవు. రాజూ దూతా కలవరు, తల్లీ కొడుకూ పోట్లాడుకోరు. జరిగినదాన్ని ఒకరు వచ్చి చెప్పడం, బృందం విని ఏడవడం, అంతే. అందుకే ఆ కాలపు ట్రాజెడీకి శోకగీతం ప్రాణం.

ఆ ఏడుపుకు ఎంత బలముందో ఫ్రీనికస్ అనే నాటకకర్త రుజువు చేశాడు. క్రీ.పూ. 494లో పర్షియన్లు మిలీటస్ నగరాన్ని పట్టుకుని నాశనం చేశారు. మిలీటస్ వాళ్లు ఏథెన్స్‌కు రక్తబంధువుల్లాంటివాళ్లు. ఫ్రీనికస్ దాన్ని నాటకం కట్టి ఆడిస్తే ప్రేక్షకులంతా ఏడ్చారు. ‘మన ఇంటి దుఃఖాన్నే మనకు గుర్తుచేశావు’ అని ఊరు అతడికి 1000 డ్రాక్మాల (వెండి నాణేల) జరిమానా వేసి, ఆ నాటకం ఇక ఎవరూ ఆడకూడదని కట్టడి చేసింది. స్త్రీపాత్రల మాస్కులు మొదట వాడినవాడిగా చెప్పేదీ ఇతణ్నే. అన్ని వేషాలూ మగవాళ్లవే కాబట్టి ఆడ మాస్కుకు తెల్లరంగు, మగ మాస్కుకు ముదురురంగు వేసేవారు. ఎంత దూరం నుంచైనా తేడా తెలిసేది.

చూసే చోటు ఎలా ఉండేదో కూడా కొంచెం చెప్పాలి. మొదట్లో ఏథెన్స్ సంతబజారులో కర్ర బల్లల మెట్లు కట్టి కూర్చోబెట్టేవారు. క్రీ.పూ. 500 తర్వాత కొద్దికాలానికే ఒక పోటీలో, జనం కూర్చుని ఉండగా ఆ బల్లలు కూలాయి. ఆటలు ఊరి కోటకొండ అక్రోపోలిస్ దక్షిణపు వాలు మీదకు చేరడానికి అదే కారణమని పాతవాళ్లు చెప్పారు. వాలు మీద సగం బరువు కొండే మోస్తుంది. అక్కడా బల్లలు కర్రవే. ఫొటోల్లో మనం చూసే రాతి మెట్లు క్రీ.పూ. 330ల నాటివి, పెద్ద నాటకకర్తలు ముగ్గురూ, అంటే ఈస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్, పోయాక వచ్చినవి. వెనక గుడిసెలాంటి కర్ర కట్టడం తప్పనిసరిగా కావలసిన నాటకాల్లో మనకు దక్కిన మొదటిది క్రీ.పూ. 458 నాటి ‘ఒరెస్టియా’, ఈస్కిలస్ రాసిన మూడు నాటకాల వరస. దాని మొదటి మాట మాట్లాడే కాపలావాడు ఇంటి కప్పు మీదుంటాడు.

రెండో నటుణ్ని తెచ్చినవాడు ఈస్కిలస్. కోరస్ పాటను తగ్గించి, మాటను ముందుకు తెచ్చింది కూడా అతడేనని అరిస్టాటిల్ అంటాడు. మనకు దక్కిన అన్నిటికన్నా పాత ట్రాజెడీ అతడి ‘పర్షియన్లు’, క్రీ.పూ. 472. దాన్ని లెక్కకోసం విప్పి చూద్దాం. పాత్రలు నాలుగు: రాణి, దూత, చనిపోయిన రాజు డరయస్ ప్రేతం, గ్రీకుల చేతిలో ఓడిపోయి వచ్చిన కొడుకు జెర్క్సిస్. దూత వచ్చినప్పుడు రాణి ఉంటుంది. ప్రేతం లేచినప్పుడు రాణి ఉంటుంది. కాబట్టి దూత, ప్రేతం ఒకడే నటుడు వేయొచ్చు. తర్వాత రాణి ‘నా కొడుక్కి మంచి బట్టలు తెచ్చి ఎదురెళ్తాను’ అని లోపలికి వెళ్తుంది. మళ్లీ రాదు. కోరస్ యాభైకి పైగా పంక్తుల పాట పాడాక చినిగిన బట్టలతో జెర్క్సిస్ వస్తాడు. తల్లి ఏదీ, ఆ బట్టలేవీ అని చదివేవాళ్లు అడుగుతుంటారు. రాణి వేసినవాడే జెర్క్సిస్ కూడా వేశాడనుకుంటే సమాధానం ఎదురుగానే ఉంది. ఇద్దరు నటులున్నా ఈస్కిలస్ చేయి ఇంకా ఒక్క నటుడి పద్ధతికే అలవాటుపడి ఉంది. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ, ఒక్కొక్కరూ కోరస్‌తో మాట్లాడేదే ఎక్కువ. రాణికీ ప్రేతానికీ మధ్య సంభాషణ పాత ఛందస్సులో, గురువు తర్వాత లఘువు వచ్చే ట్రోకీ నడకలో సాగుతుంది. అది నాట్యానికి దగ్గరి నడక. ట్రాజెడీ మాటలు తర్వాత, లఘువు ముందుండే అయాంబిక్ నడకకు మళ్లాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు గ్రీకుల నోట అనుకోకుండా దొర్లే నడక అదేనని అరిస్టాటిల్ చెప్పిన కారణం.

ఇక్కడ ఒక జాగ్రత్త. కోరస్ పాట ఎక్కువుంటే నాటకం పాతదని గీత గీయకూడదు. ఈస్కిలస్ ‘శరణార్థినులు’లో సగానికి పైగా కోరస్‌దే. అందుకని చాలాకాలం దాన్నే అన్నిటికన్నా పాతది అనుకున్నారు. 1952లో ఒక పపైరస్ (ప్రాచీన రెల్లుకాగితం) ముక్క అచ్చయింది. ఆ నాటకం సోఫోక్లిస్‌తో పోటీపడినట్టు అందులో ఉంది. సోఫోక్లిస్ పోటీల్లోకి వచ్చింది ‘పర్షియన్లు’ తర్వాతే కాబట్టి ఇదీ దాని తర్వాతిదే. కథ కోరితే కోరస్ మళ్లీ పెరుగుతుంది.

మూడో నటుణ్ని సోఫోక్లిస్ తెచ్చాడని అరిస్టాటిల్ మాట. సోఫోక్లిస్ మొదటి గెలుపు క్రీ.పూ. 468లో, ఈస్కిలస్ మీదే. ఆ తర్వాత పదేళ్లకు ముసలి ఈస్కిలస్ ఈ మూడో మనిషిని వాడుకున్న తీరు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ‘ఒరెస్టియా’లో రెండో నాటకం. తన తండ్రిని చంపిన తల్లి క్లైటెమ్నెస్ట్రాను చంపడానికి ఒరెస్టిస్ కత్తి ఎత్తాడు. పక్కన స్నేహితుడు పైలడీస్. నాటకం మొదటి నుంచీ అతడు నోరు విప్పలేదు. మాటలు లేని వేషమని ప్రేక్షకులు ఎప్పుడో ఖాయం చేసుకున్నారు. తల్లి రొమ్ము చూపిస్తుంది. ఒరెస్టిస్ తడబడి, ‘పైలడీస్, ఏం చేయను? తల్లిని చంపడానికి వెనకాడనా?’ అంటాడు. అప్పుడు పైలడీస్ మాట్లాడతాడు. మూడే పంక్తులు. అపోలో దేవుడి ఆజ్ఞ ఏమవుతుంది, పెట్టిన ఒట్టు ఏమవుతుంది, దేవుళ్లకన్నా మనుషులందరినీ శత్రువులు చేసుకో అని. మళ్లీ మాట్లాడడు.

ఈ మూడు పంక్తులు ఎవరు పలికారు? అంతకు ముందే ఒక సేవకుడు పరుగున వచ్చి, ‘చచ్చినవాళ్లు బతికున్నవాళ్లను చంపుతున్నారు’ అని అరిచి లోపలికి పోయాడు. ఆ సేవకుడే వేషం మార్చుకుని పైలడీస్‌గా వచ్చాడని, లేకపోతే మాట్లాడేవాళ్లు నలుగురవుతారని ప్రాచీన వ్యాఖ్యాత ఒకాయన అంచులో రాసిపెట్టాడు. మధ్యలో ఉన్న వ్యవధి పదీ పదిహేను పంక్తులు. అంతలో ఒక మాస్కూ ఒక అంగీ మారాలి, ఊపిరి కుదుటపడాలి, స్వరం దేవుడి స్వరంలా రావాలి. తల మొత్తం కప్పే మాస్కు కాబట్టే ఇది కుదిరింది. జుట్టుతో సహా ఒక్కసారిగా ఊడొస్తుంది, ఒక్కసారిగా దిగుతుంది.

మూడు దగ్గర ఎందుకు ఆగారు? నాకు మూడు కారణాలు కలిసే పనిచేశాయనిపిస్తుంది. నటులకు జీతం ఊరే ఇచ్చేది, పోటీ పడే నాటకకర్తలకు సమంగా పంచేది, కాబట్టి ఒకరికి నలుగురు ఇస్తే అన్యాయం. మాస్కుల వెనక నోరు కనిపించదు కాబట్టి నలుగురు మాట్లాడుతుంటే ఎవరి గొంతో దూరంగా కూర్చున్నవాడికి తెలియదు. పైగా వేలమందికి ఆరుబయట వినిపించే గొంతులు దొరకడమే కష్టం. మాటల్లేని వేషాలకు మాత్రం హద్దు లేదు. యూరిపిడిస్ ‘ఆల్సెస్టిస్’ చివర్లో చావు నుంచి తిరిగొచ్చిన భార్య మూడు రోజులు మాట్లాడకూడదని ఒక నియమం పెడతాడు. ఆ నాటకం ఇద్దరు నటులతోనే గట్టెక్కుతుంది. ఆ ఘట్టంలో ఆ ఇద్దరూ వేరే వేషాల్లో ఉన్నారు కాబట్టి ఆమెగా నిలబడింది మాటల్లేని మనిషి. లెక్క బిగుసుకుపోయిన చోటు కూడా ఉంది. సోఫోక్లిస్ ఆఖరి నాటకం ‘కొలోనస్‌లో ఈడిపస్’ను ముగ్గురితో ఆడాలంటే ఏథెన్స్ రాజు థీసియస్ పాత్రను ఒకే నటుడు మొదటి నుంచి చివరిదాకా వేయలేడు, పంచుకోవలసిందే. మాస్కు ఒకటే, లోపలి గొంతు మారుతుంది.

మాస్కు గురించి రెండు అపోహలు బలంగా ఉన్నాయి. అది గొంతును పెంచే బాకాలా పనిచేసేదని ఒకటి. గ్లూతో గట్టిపరిచిన నారబట్ట అలాంటి పని చేయదు, గొంతు నటుడిదే. నటులు మందపాటి ఎత్తు అడుగుల చెప్పులు వేసుకునేవారని రెండోది. ఆ ఎత్తు చెప్పులు కొన్ని వందల ఏళ్ల తర్వాతివి. అయిదో శతాబ్దపు చెప్పు మెత్తటి అడుగున్న బూటు. క్రీ.పూ. 400 నాటి ప్రోనొమస్ కూజా అనే బొమ్మల మట్టి కూజా ఇప్పుడు నేపుల్స్‌లో ఉంది. దాని మీద నటులు మాస్కులు చేతపట్టుకుని నిలబడి ఉంటారు, చూసినవారికి ఈ అనుమానాలు తీరిపోతాయి.

మాస్కు నిజంగా తెచ్చిపెట్టే ఇబ్బంది వేరు. ముఖం మారదు. సోఫోక్లిస్ ‘ఎలెక్ట్రా’లో చచ్చాడనుకున్న తమ్ముడు ఒరెస్టిస్ కళ్ల ముందు నిలబడతాడు, ఆమె మాస్కు మాత్రం ఏడుస్తూనే ఉంటుంది. సోఫోక్లిస్ దాన్ని దాచలేదు, ఆమె చేతే చెప్పించాడు: నా ముఖంలో నవ్వు చూసి అమ్మ కనిపెడుతుందని భయపడకు, పాత పగ నాలో ఇంకిపోయింది, నిన్ను చూశాక ఆనందంతో కూడా ఏడుపు ఆపను అని. ప్రేక్షకుడు అదే మాస్కులో అప్పుడు ఆనందబాష్పాలు చూస్తాడు.

కాబట్టి భారమంతా గొంతు మీద పడింది. నటులు తెల్లవారుజామున, ఏమీ తినకముందు గొంతు సాధన చేసేవారని అరిస్టాటిల్ బడి రాతల్లో ఉంది. మొదట్లో నాటకకర్తే ముఖ్య నటుడు. సోఫోక్లిస్ గొంతు బలం చాలక నటన మానేశాడట. అక్కడి నుంచి రాసేవాడూ ఆడేవాడూ వేరయ్యారు. గొంతు జారితే ఏమయ్యేదో హెగెలొకస్‌ను అడగాలి. క్రీ.పూ. 408, యూరిపిడిస్ ‘ఒరెస్టిస్’. పిచ్చి దిగిన ఒరెస్టిస్ ‘అలల తర్వాత మళ్లీ ప్రశాంతత చూస్తున్నాను’ అనాలి. గ్రీకులో అది ‘గలేన్ హొరో’. ‘గలేన’ చివరి అచ్చు మన సంధిలోలాగే లోపించి, తర్వాతి మాటతో ఒకే ఊపిరిలో కలిసిపోవాలి. హెగెలొకస్‌కు ఊపిరి చాలక మధ్యలో ఆగాడు. ఆగగానే స్వరం పైకెక్కే తీరు మారి, ఇళ్లల్లో ఎలుకలు పట్టే ముంగిసలాంటి జంతువు పేరు వినిపించింది. ‘మళ్లీ ముంగిసను చూస్తున్నాను.’ మూడేళ్ల తర్వాత కూడా అరిస్టోఫెనిస్ తన కామెడీలో దాన్ని తలుచుకుని జనాన్ని నవ్వించాడు.

కోరస్ ఖర్చు ఒక ధనవంతుడి మీద పడేది. క్రీ.పూ. 411-410లో ట్రాజెడీ కోరస్‌కు 3000 డ్రాక్మాలు పెట్టానని ఒకాయన తర్వాత కోర్టులో చెప్పుకున్నాడు. నైపుణ్యమున్న తాపీ పనివాడి రోజు కూలి అప్పుడు ఒక డ్రాక్మా. కోరస్‌లో ఈస్కిలస్ కాలంలో 12 మంది, సోఫోక్లిస్ నుంచి 15 మంది. ఆ పన్నెండుకు ‘ఒరెస్టియా’ మొదటి నాటకం ‘అగమెమ్నన్’లోనే ఆనవాలుంది: లోపల రాజు అరుపు వినగానే పెద్దలు ఏం చేయాలో తలా రెండు పంక్తులు పలుకుతారు, లెక్కపెడితే సరిగ్గా పన్నెండు జతలు. వీళ్లు వృత్తి కళాకారులు కారు, పౌరులు. ఒకే రోజు మూడు ట్రాజెడీలు, సగం మనిషి, సగం జంతువు వేషాల కోరస్‌తో నవ్వించే ఒక సాటిర్ నాటకం వరసగా ఆడేవారు.

క్రీ.పూ. 449లో నటుడికి వేరే బహుమతి పెట్టడంతో తూకం మారింది. బహుమతికి అర్హుడు మొదటి నటుడొక్కడే. నాటకం ఓడినా అతడు గెలవొచ్చు. ఈస్కిలస్ దగ్గర పనిచేసిన మిన్నిస్కస్, తర్వాతి తరం కల్లిపిడీస్ నటన చూసి, అతి చేస్తున్నాడని ‘కోతి’ అన్నాడు. నాలుగో శతాబ్దంలో థియొడొరస్ అనే నటుడు తనకన్నా ముందు ఎవరినీ, చిన్న నటుణ్ని కూడా, రంగం మీదకు రానిచ్చేవాడు కాదు. మొదట విన్న గొంతుకే జనం మనసు అతుక్కుంటుందని అతడి లెక్క. క్రీ.పూ. 386 నుంచి పాత నాటకాలను పండగలో మళ్లీ ఆడించడం మొదలైంది. రాసినవాళ్లు చనిపోయారు, అడ్డుపడేవారు లేరు. ఇప్పుడు కవులకన్నా నటులదే పైచేయి అని అరిస్టాటిల్ రాశాడు. నటులు మాటలు ఎంతగా మార్చారంటే, లికర్గస్ అనే నాయకుడు ముగ్గురు నాటకకర్తల రాతప్రతులను ఊరి ఖజానాలో పెట్టించి, వాటిని దాటి పలకకూడదని చట్టం చేయించాడు.

ఆ మార్పుల్లో ఒకదాన్ని ప్రాచీన వ్యాఖ్యాత పట్టుకున్నాడు. మళ్లీ ‘ఒరెస్టిస్’ నాటకమే. రాజభవనంలోంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చిన ఫ్రిజియా బానిస, దూలాల మీదుగా దూకి వచ్చానని పాడతాడు. అంటే నటుడు కప్పు మీద నుంచి కిందికి దూకాలి. కాని అతడు రావడానికి ముందు కోరస్ చెప్పే మూడు పంక్తుల్లో, తలుపు గడియ చప్పుడవుతోంది, ఎవరో బయటికొస్తున్నారు అని ఉంది. ఈ మూడూ యూరిపిడిస్‌వి కావు, నటులవి అంటాడు వ్యాఖ్యాత. కప్పు మీద నుంచి దూకితే దెబ్బలు తగులుతాయని, బానిస వేషంలో, అదే మాస్కుతో, తలుపు తీసుకుని నడిచి వచ్చేవారట.